అడవి పిల్లులకు చట్టం కాపలా కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన పిల్లి ఫొటో ఒకటి వాట్సాప్‌లో వచ్చిందంటే, దాని వెనకే రెండు ప్రశ్నలు వస్తాయి. "అన్నా, ఇది చిరుత పిల్లేనా?" అనేది ఒకటి. "దీన్ని కొడితే కేసవుతుందా?" అనేది రెండోది. ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి వైపు చెరువుల వెంట తిరగడం నాకు అలవాటు. పిల్లుల పిచ్చోడని పేరు కూడా పడింది. అందుకే ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే చేరతాయి. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, ఇలా ఒకచోట రాసిపెడుతున్నాను. నేను లాయర్ని కాదు, ఫారెస్టు ఉద్యోగినీ కాదు.

నెల్లూరు, ప్రకాశం వైపు ఏయే అడవి పిల్లుల గురించి మాట్లాడుకోవాలి?

నల్లమలలో పులి ఉంది, కొండల్లో చిరుత ఉంది. వాటి గురించి మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. ఇక్కడ నేను చెప్పేది చిన్నవాటి సంగతి.

ఎక్కువగా కంటపడేది జంగిల్ క్యాట్. ఊళ్ళో దీన్ని ఉత్త 'అడవిపిల్లి' అంటారు. పొడుగు కాళ్ళు, ఒళ్ళంతా మట్టిరంగు, మచ్చలుండవు. చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు, తోక చివర నల్ల పట్టీలు. చెరువు కట్టల మీద, చెరకు తోటల్లో, వరి కోసిన మాగాణిలో ఎలుకల కోసం తిరుగుతుంది.

రెండోది నామాలపిల్లి. ప్రపంచంలోకెల్లా చిన్న పిల్లిజాతుల్లో ఒకటి. పెద్దదైనా కిలోన్నరకు అటూ ఇటూ, అంటే మన ఇంటి పిల్లికంటే చిన్నది. నుదుటి మీద నిలువు గీతలుంటాయి, వీపు మీద తుప్పు రంగు మచ్చలు వరసలు కట్టి ఉంటాయి. భారత్, శ్రీలంక, నేపాల్ తప్ప ఇంకెక్కడా లేదు. నల్లమల టైగర్ రిజర్వులో ఉన్నట్టు రికార్డుంది.

మూడోది నీటిపిల్లి. బలమైన ఒళ్ళు, పొట్టి తోక, వేళ్ళ మధ్య కొంచెం చర్మం. నీళ్ళలో దిగి చేపలు పడుతుంది. కోరింగ, కృష్ణా అభయారణ్యాల మడ అడవుల్లో ఉందని అందరికీ తెలుసు. మన తీరంలో రొయ్యల గుంటల దగ్గర చూశామని నాకు చెప్పినవాళ్ళలో ఒక్కరి దగ్గరా ఫొటో లేదు. ఇద్దరు చూసింది మాత్రం నీటికుక్కని. వాళ్ళ మాటల్లోనే తేలిపోయింది, "నాలుగైదు కలిసి ఈదుతున్నాయి సార్" అన్నారు. నీటిపిల్లి గుంపుగా తిరగదు.

మరి బావురుపిల్లి అంటే ఏది?

అదే కదా తలనొప్పి! పేపర్లో నీటిపిల్లిని బావురుపిల్లి అని రాస్తారు. ఒక ఊళ్ళో జంగిల్ క్యాట్‌ని అంటారు. ఇంకో ఊళ్ళో రాత్రిపూట కోళ్ళ మీద పడే ఏ గండుపిల్లినైనా అనేస్తారు. "మా ఊళ్ళో బావురుపిల్లులు చాలా ఉన్నాయి" అన్న మాట మీద ఏ లెక్కా కట్టలేం.

పునుగుపిల్లి, మానుపిల్లి కూడా ఇందులోకి వస్తాయా?

రావు. పేరులో పిల్లి ఉందే గానీ అవి పిల్లి కుటుంబం కాదు, వేరే కుటుంబం. వాటికీ చట్టంలో రక్షణ ఉంది, అది వేరే సంగతి.

ఈ మూడు పిల్లులకూ ఇప్పటికే చట్టం ఉందా?

ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఏ జంతువుకి ఎంత రక్షణో అందులోని షెడ్యూళ్ళలో, అంటే పట్టికల్లో ఉంటుంది. పాత పట్టికలో నామాలపిల్లి, నీటిపిల్లి మొదటి షెడ్యూలులో ఉండేవి, జంగిల్ క్యాట్ రెండో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్ళు నాలుగయ్యాయి. వాటిలో మన దేశపు జంతువులకు రెండు, మొక్కలకు ఒకటి, విదేశీ వ్యాపారానికి సంబంధించిన సైటీస్ ఒప్పందంలోని జాతులకు ఒకటి.

మొదటి షెడ్యూలైనా రెండో షెడ్యూలైనా వేటాడటం నేరమే. తేడా వచ్చేది శిక్షలో, మినహాయింపుల్లో. మొదటి షెడ్యూలు జంతువుని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. రెండో షెడ్యూలు జంతువుని ఒక ప్రాంతంలో కొంతకాలం 'హానికర జంతువు'గా కేంద్రం ప్రకటించొచ్చు. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో అలా ప్రకటించడానికి వీల్లేదు. పంట పాడుచేస్తోందన్న కారణం మీద మొదటి షెడ్యూలు జంతువుని చంపడానికి అనుమతి కూడా రాదు. మనుషుల ప్రాణానికి ముప్పయినా, కోలుకోలేని జబ్బో గాయమో అయినా మాత్రమే, అదీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఆదేశిస్తేనే.

వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, విషం పెట్టడం, పట్టుకోవడం అన్నీ చట్టం దృష్టిలో వేటే. అడవిపంది కోసం వేసిన కరెంటు తీగకు పిల్లి తగిలినా, "నేను పిల్లి కోసం వేయలేదు సార్" అన్నంత మాత్రాన వదిలేస్తారనుకోకండి.

చట్టం ఉన్నప్పుడు ఇంక తేల్చాల్సిందేముంది?

చాలా ఉంది. షెడ్యూలు ఒకసారి రాసి మూసేసేది కాదు. ఒక జాతి సంఖ్య పడిపోతే పైకి మార్చాలా, కోలుకుంటే కిందికి దించాలా అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న. ఒకటే అనుకున్న జాతిని శాస్త్రవేత్తలు రెండుగా విడదీస్తే, రెండో దాని పేరు పట్టికలో ఉండదు, మళ్ళీ చూడాలి. ఇవి తేల్చాలంటే జంతువు ఎక్కడుంది, ఎంత ఉంది, ఏది చంపుతోంది అన్న మూడు సంగతులు తెలియాలి. మన జిల్లాల నుంచి చిన్న పిల్లుల గురించి బయటికి పోయే సమాచారం మహా తక్కువ. నా బాధంతా అక్కడే.

ఐయూసీఎన్ రెడ్ లిస్టులో పేరుంటే చట్టం వర్తించినట్టేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెడ్ లిస్టు ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఇచ్చే ఆరోగ్య రిపోర్టు లాంటిది, ఏ జాతికి ఎంత ముప్పుందో చెబుతుంది. 1964 నుంచి ఉంది. దానికి జైల్లో పెట్టే అధికారం లేదు. షెడ్యూలు మన పార్లమెంటు చేసిన చట్టంలోది.

రెండూ ఒకదానికొకటి సరిపోవాలనీ లేదు. నీటిపిల్లి 2008లో రెడ్ లిస్టులో ఎన్‌డేంజర్డ్ (అంతరించే ముప్పు ఎక్కువ), 2016లో ఒక మెట్టు దిగి వల్నరబుల్ (ముప్పు ఉంది, కానీ అంతకంటే తక్కువ) అయింది. మన చట్టంలో మాత్రం మొదటి షెడ్యూలు నుంచి కదల్లేదు. నామాలపిల్లి 2016లో వల్నరబుల్ నుంచి నియర్ థ్రెటెన్డ్‌కి (ముప్పుకి దగ్గర్లో ఉన్న మెట్టుకి) వచ్చింది, అదీ మొదటి షెడ్యూలే. మెట్టు దిగిందంటే పిల్లులు పెరిగాయనే అర్థం కాదు. కొత్త సమాచారం వచ్చినప్పుడు కూడా మెట్టు మారుతుంది.

ఆ రెడ్ లిస్టులో మెట్లు ఎలా తేలుస్తారు?

ఐదు కొలమానాలున్నాయి. ఐదింటిలో ఏ ఒక్కటి తగిలినా చాలు. ఎక్కువగా వాడేది తగ్గుదల లెక్క. పదేళ్ళు గానీ, ఆ జంతువు మూడు తరాలు గానీ, ఏది ఎక్కువ కాలమైతే అది తీసుకుంటారు. ఆ కాలంలో సంఖ్య 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 శాతమైతే ఎన్‌డేంజర్డ్, 80 శాతమైతే క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్. మిగతావి తిరిగే చోటు ఎంత చిన్నది, ఈడొచ్చిన జంతువులు మొత్తం ఎన్ని మిగిలాయి అన్నవాటి మీద నడుస్తాయి. ఈడొచ్చిన జంతువులు మొత్తం 1,000కి లోపే ఉంటే, తగ్గుతున్నా తగ్గకపోయినా వల్నరబుల్ కిందికి వస్తుంది. 250కి లోపైతే ఎన్‌డేంజర్డ్.

"తలలు ఎవరు లెక్కపెట్టారు?" అని అడుగుతారు. ప్రతి తలా లెక్కపెట్టనక్కర్లేదు. అది బతికే చోటు ఎంత తగ్గిందో చూసి కూడా అంచనా కట్టొచ్చు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, పిల్లి తరం ఐదేళ్ళనుకుంటే మూడు తరాలు పదిహేనేళ్ళు. పదిహేనేళ్ళ కింద పది చెరువుల అంచుల్లో జమ్ము, తుంగ మనిషెత్తున ఉండేవనుకోండి. ఇవాళ వెళ్ళి చూస్తే ఆరింటిలోనే ఉంది, మిగతా నాలుగూ పూడికతీతలోనో ఆక్రమణలోనో పోయాయి. చోటు 40 శాతం పోయింది. పిల్లులు కూడా అంతే పోయాయని ఖాయంగా అనలేం, కానీ అనుమానించడానికి ఆధారం దొరికింది. ఇదే పనిని జాతి ఉన్న ప్రాంతం మొత్తానికీ చేస్తారు, మన మండలం ఒక్కదానికే కాదు.

మా పొలం దగ్గర రోజూ కనిపిస్తుంది. అలాంటిదాన్ని అరుదు అంటారేంటి?

మీరు రోజూ చూసేది ఒకే పిల్లి అయ్యుండొచ్చు. అడవి పిల్లికి తిరిగే దారి ఉంటుంది, అదే గట్టు మీద అదే వేళకి వస్తుంది. సంగం వైపు ఒక పెద్దాయన ముప్పై పిల్లులున్నాయని బల్లగుద్ది చెప్పాడు. ఆయన చూపించిన చోటనే కెమెరా పెట్టాం. పది రాత్రులూ వచ్చింది ఎడమ చెవి చిరిగిన ఒక్కటే. ఆయనకి చూపిస్తే కాసేపు ఫోను వైపే చూసి, "ఇదే అన్నిసార్లూ వస్తా ఉందా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

అసలు ఎవరికీ కనబడకపోతే లేనట్టేనా?

దీనికి నెల్లూరులోనే మంచి జవాబుంది. 1840లలో జెర్డాన్ అనే వైద్యుడు ఇక్కడ సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. మందుల కంటే పిట్టలూ జంతువుల మీదే ఆయనకి మోజు. యానాదుల దగ్గర కూర్చుని ఈ ప్రాంతపు జంతువుల కబుర్లు సేకరించాడు. నామాలపిల్లి తనకు నెల్లూరు, మద్రాసు చుట్టుపక్కలే దొరికిందని రాశాడు. ఎక్కడ ఉంటుందంటే, ఎండిన చెరువుల్లోని గడ్డిలో, పొదల్లో, ఊళ్ళ దగ్గర కాలువ గొట్టాల్లో అని. అడవిలో ఉండే జంతువు కాదని కూడా విన్నానన్నాడు. 1846లో తెచ్చిన ఒక పిల్లను ఇంట్లో పెంచాడు. ఎంతో సరదాగా ఆడుకునే ఆ పిల్ల, ఎనిమిది నెలల వయసులో ఒక చిన్న జింకపిల్ల కనబడగానే ఎగిరి దాని మెడ పట్టేసింది. విడిపించడానికి నానా తంటాలు పడ్డారట.

అది సుమారు 180 ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు నామాలపిల్లి అనగానే అందరూ నల్లమల వైపు చూస్తారు. కెమెరాలు అక్కడే ఉన్నాయి మరి. పులి కోసం పెట్టిన కెమెరా ముందు నుంచి అప్పుడప్పుడు చిన్న పిల్లి కూడా పోతుంది. చెరువు గడ్డిలో కెమెరా ఎవరు పెడతారు? పెడితే మర్నాటికి ఎవరో ఒకరు పట్టుకుపోతారు, నాది ఒకటి అలాగే పోయింది. వెతకని చోట కనబడలేదంటే, వెతకలేదనే అర్థం.

పూర్తి లెక్క తేలేదాకా ఆగి, అప్పుడు చట్టంలో పెడితే సరిపోదా?

చీతా విషయంలో అలాగే అయింది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. వన్యప్రాణి చట్టం వచ్చింది 1972లో. ఆలస్యంగా వచ్చిన చట్టం కాపాడటానికి ఆ జంతువు ఉండాలిగా.

షెడ్యూలు మార్చేది ఎవరు? మామూలు మనిషి అడగొచ్చా?

చట్టంలోని 61వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి పేరు చేర్చొచ్చు, తీసేయొచ్చు. వన్యప్రాణులు 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉన్నా, షెడ్యూలు మీద చెయ్యి మాత్రం కేంద్రానిదే. అర్జీ ఎవరైనా పెట్టొచ్చు. జవాబు ఇన్ని రోజుల్లో ఇవ్వాలన్న గడువు మాత్రం ఆ సెక్షన్‌లో లేదు.

అమెరికాలో 1973 చట్టం వేరేలా ఉంటుంది. అక్కడ ఎవరైనా ఒక జాతి కోసం పిటిషన్ వేయొచ్చు. 90 రోజుల్లో ప్రాథమికంగా తేల్చాలి, ఏడాదిలో పూర్తి జవాబు చెప్పాలి అని చట్టంలోనే రాశారు. చూడాల్సినవి కూడా ఐదని చెప్పారు: ఉండే చోటు పోతోందా, అతిగా వేటాడుతున్నారా, జబ్బులో శత్రువులో ఉన్నాయా, ఇప్పుడున్న నిబంధనలు చాలడం లేదా, ఇంకేదైనా కారణముందా. గడువు రాసినంత మాత్రాన అక్కడ పనులు గడువులోపే అవుతాయని కాదు, కోర్టు కేసులు బోలెడు నడుస్తాయి. కానీ ఆ ఐదు ప్రశ్నలు నాకు నచ్చాయి. మన పిల్లి గురించి రాసేటప్పుడు కూడా ఆ వరసలోనే రాసుకుంటాను.

పిల్లి ఉందని చెబితే మా భూమి ఫారెస్టువాళ్ళు తీసుకుంటారా?

తీసుకోరు. ఈ భయంతోనే చాలామంది చూసినదాన్ని చూడలేదంటారు. జంతువు పేరు షెడ్యూలులో ఉండటం వేరు, ఒక చోటును అభయారణ్యంగా ప్రకటించడం వేరు. అభయారణ్యం చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, కలెక్టరు హక్కుల మీద విచారణ జరపాలి, అదంతా పెద్ద తతంగం. నామాలపిల్లి మీ మెట్టలో తిరిగిందని ఎవరూ మీ పాసుపుస్తకం అడగరు.

అయితే ఇందులో రెండో వైపు కూడా ఉంది, అది నాకు మింగుడుపడదు. పిల్లిని చంపితే జైలు. అది పిల్లలు పెట్టే కంపచెట్ల తోపును జేసీబీతో ఒక్క పూటలో చదును చేస్తే మాత్రం ఈ చట్టం కింద సాధారణంగా ఎవరూ అడగరు, ఎందుకంటే అది రికార్డుల్లో బంజరు, పోరంబోకు. తీరంలో మడ అడవులకు కోస్తా నియంత్రణ నిబంధనలున్నాయి, రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు పెద్ద తీర్పే ఇచ్చింది. మెట్ట ప్రాంతంలో చెరువు గడ్డికి అలాంటి అండ ఏదీ లేదు. ఈ రెండు జిల్లాల్లో చిన్న పిల్లికి ఉచ్చు కంటే చదును చేయడమే పెద్ద ముప్పని నా అభిప్రాయం.

కోళ్ళు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?

ఊరుకోమని ఎవరూ అనరు. కోడి విలువ నాకూ తెలుసు. చంపాల్సిన పని లేకుండా ఆపొచ్చు. గూటికి తలుపు ఉన్నా కింద జానెడు సందు వదిలేస్తారు, పిల్లి దూరేది అక్కడే. వెదురు గంప బోర్లించి పైన రాయి పెడితే, పిల్లి గంపని పక్కకి తోసి లోపల చెయ్యి పెడుతుంది. సన్న కన్నాల ఇనుప జాలీని గూటి అడుగుదాకా దించి, అంచు మట్టిలో పాతేయండి. పొద్దుగూకక ముందే కోళ్ళను లోపలికి తోలండి. ఒక్క మాట, కోళ్ళు పోయిన ఇళ్ళలో నేను వెళ్ళి చూసినవాటిలో ఎక్కువసార్లు దొంగ ముంగిసో, ఊరకుక్కో, పక్కింటి గండుపిల్లో.

కోతల్లో పిల్లలు దొరికాయి. ఇంటికి తెచ్చి పెంచొచ్చా?

వద్దు. నేను చేసిన తప్పు చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట, మా మేనమామ చేలో వరి కోస్తుంటే గట్టు మీద రెల్లుగడ్డిలో రెండు పిల్లలు కనబడ్డాయి. కళ్ళు అప్పుడే తెరిచినట్టున్నాయి. ఒంటి నిండా చారలు. చారలు చూసి నామాలపిల్లి పిల్లలే అనుకున్నాను. తల్లి పారిపోయిందనుకుని, అయ్యో పాపమని గంపలో గోనెపట్టా వేసి ఇంటికి తెచ్చాను. ఆవుపాలు దూదితో పట్టాను. మూడో రోజు పొద్దున ఒకటి చచ్చిపోయి ఉంది, కడుపు ఉబ్బిపోయింది. రెండోదాన్ని ఆ సాయంత్రమే తీసుకెళ్ళి దొరికిన చోటనే పెట్టి, దూరంగా బండి మీద కూర్చున్నాం. రాత్రి తొమ్మిదింటికి తల్లి వచ్చింది. టార్చి వెలుగులో చూస్తే పొడుగు కాళ్ళు, మచ్చల్లేని ఒళ్ళు. జంగిల్ క్యాట్! దాని పిల్లలకు పుట్టినప్పుడు చారలుంటాయని, పెరిగేకొద్దీ పోతాయని అప్పటికి నాకు తెలీదు. పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని, చచ్చిపోయిన ఇంకోదాని కోసం కాసేపు ఆ రెల్లుగడ్డి అంతా వాసన చూసుకుంటూ తిరిగింది.

చట్టం ప్రకారం పట్టుకోవడం కూడా వేటే. అంతకంటే ముందు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది, మనుషులు పోయేదాకా రాదు. ఆ నాలుగు అడుగుల మేర కోయకుండా వదిలేసి మర్నాడు కోయండి. తెల్లారేసరికి తల్లే వేరే చోటుకి మార్చేస్తుంది.

ఇంటి పిల్లితో కలిస్తే జాతి పాడవుతుందా?

అవుతుంది. దీనికి చట్టం దగ్గర మందు లేదు. స్కాట్లండ్‌లో అడవి పిల్లికి 1988 నుంచి చట్టరక్షణ ఉంది. తుపాకీ ఆగింది, జత కట్టడం ఆగలేదు. ఇంటి పిల్లులతో కలిసిపోయి అసలు జాతి దాదాపు మాసిపోయింది. 2023లో జూలో పెంచినవాటిని తెచ్చి అడవిలో వదలాల్సి వచ్చింది. చెరువు కట్ట మీద ఇల్లుంటే మీ పిల్లికి ఆపరేషన్ చేయించండి.

రక్షణ ఇస్తే నిజంగా కోలుకున్న పిల్లి ఏదైనా ఉందా?

ఐబీరియన్ లింక్స్. స్పెయిన్, పోర్చుగల్‌లో ఉండే పిల్లి. 2001లో ఈడొచ్చినవి 62 మిగిలాయి. 2022 నాటికి 648. చట్టంతో పాటు అది తినే కుందేళ్ళనీ, అది తిరిగే పొదలనీ పెంచారు, పెంపకం కేంద్రాల నుంచి తెచ్చి వదిలారు. 2024లో రెడ్ లిస్టు దాన్ని ఎన్‌డేంజర్డ్ నుంచి వల్నరబుల్‌కి దించింది. వీటిలో పొద సంగతి మన దగ్గర ఇంకా మొదలే కాలేదు.

నేను చూసినదాన్ని పనికొచ్చే రికార్డుగా ఎలా చేయాలి?

బతికి ఉన్నదైతే వెంటపడకండి, ఉన్నచోటి నుంచే తీయండి. చచ్చినదైతే ముట్టుకోకండి, ఇంటికి తీసుకుపోకండి. అడవి జంతువు కళేబరం కూడా ప్రభుత్వ ఆస్తే. బీట్ ఆఫీసరుకో సెక్షన్ ఆఫీసరుకో ఫోన్ చేయండి. ఫొటో తీసేముందు పక్కన అగ్గిపెట్టె గానీ చెప్పు గానీ పెట్టండి, సైజు తెలుస్తుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేయండి, తేదీ, టైము, దగ్గర్లోని చెరువు పేరు రాసుకోండి. ముఖం, వీపు, చెవుల వెనక వైపు, తోక, నాలుగూ విడివిడిగా తీయండి. తోక మొత్తం, కొస దాకా ఫ్రేములో ఉండాలి. నాకొచ్చే ఫొటోల్లో సగానికి తోక ఉండదు, ముఖం మాత్రం దగ్గరికెళ్ళి మరీ తీస్తారు.